నెలకు రెండు రోల్స్ తీసేవారికి ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ కడుక్కోవడం గిట్టుబాటవుతుందా?

మీరు నెలకు రెండు 35 ఎం.ఎం. బ్లాక్ అండ్ వైట్ రోల్స్ తీస్తున్నానని, ల్యాబ్‌లో కడిగించి (అంటే డెవలప్ చేయించి) స్కాన్ చేయించే ఖర్చు ఫిల్మ్ ధరను మించిపోతోందని రాశారు. ఇంట్లోనే కడుక్కుంటే నిజంగా డబ్బు మిగులుతుందా, మిగిలితే పెట్టిన పెట్టుబడి ఎన్ని రోల్స్‌కు తిరిగి వస్తుందని అడిగారు. మిగులుతుంది. అయితే ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే సమాధానాలలో ఒక లోపం కనిపిస్తుంది. సీసా ధరను ఆ సీసాతో కడగగలిగిన రోల్స్ సంఖ్యతో భాగించి, ఒక్కో రోల్‌కు ఇంతే అవుతుందని తేల్చేస్తారు. ఆ సీసా ఖాళీ అయ్యేలోపే అందులోని రసాయనం చెడిపోతే ఆ భాగహారానికి అర్థం లేదు. ఇంట్లో ఫిల్మ్ కడిగే ఖర్చును నిర్ణయించేది రసాయనం ధర కన్నా ఎక్కువగా దాని ఆయుష్షు, మీరు కడిగే వేగం. నెలకు ఇరవై రోల్స్ కడిగేవారికి చవకైన డెవలపరే (ఫిల్మ్ మీద చిత్రాన్ని బయటికి తెచ్చే రసాయనం), నెలకు రెండు కడిగే మీకు అన్నిటికన్నా ఖరీదైనది కావచ్చు.

ముందుగా ఒక్క రోల్‌కు ఎంత ద్రావణం కావాలో చూద్దాం, ఎందుకంటే మిగిలిన లెక్కంతా దాని మీదే నిలబడుతుంది. ప్యాటర్సన్ వంటి ప్లాస్టిక్ ట్యాంకులో ఫిల్మ్ చుట్టే ఒక 35 ఎం.ఎం. రీల్ మునగడానికి 290 మిల్లీలీటర్లు కావాలి. లెక్క తేలిక కోసం 300 అనుకుందాం. స్టీలు ట్యాంకు అయితే దాదాపు 250 సరిపోతుంది. 120 రోల్‌కు (35 ఎం.ఎం. కన్నా వెడల్పైన మీడియం ఫార్మాట్ ఫిల్మ్‌కు) అదే ప్లాస్టిక్ ట్యాంకులో 500 మిల్లీలీటర్లు పోయాలి కాబట్టి, మీరు ఎప్పుడైనా మీడియం ఫార్మాట్‌కు మారితే, డెవలపర్‌ను ఒకసారి వాడి పారబోసే పద్ధతిలో దాని ఖర్చు దాదాపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

ఇప్పుడు డెవలపర్ సంగతి. 1927 నుంచి వాడుకలో ఉన్న కోడక్ డి-76, దానికి సమానమైన ఇల్ఫర్డ్ ఐడి-11, ఈ రెండూ పొడి రూపంలో వస్తాయి. ఒక లీటరు స్టాక్ ద్రావణం, అంటే ఇంకా పలచన చేయని మూల ద్రావణం, కలుపుకున్నారనుకోండి. దాన్ని సమానంగా నీళ్లతో పలచన చేసి, అంటే 1+1 పాళ్లలో, ఒకసారి వాడి పారబోస్తే రోల్‌కు 150 మిల్లీలీటర్ల స్టాక్ ఖర్చవుతుంది. లీటరుకు ఆరు రోల్స్ వస్తాయి. పలచన చేయకుండా వాడి, వాడినదాన్ని తిరిగి సీసాలో పోసుకుంటూ, ప్రతి రోల్‌కు సమయాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే అదే లీటరుతో పది రోల్స్ కడగవచ్చని ఇల్ఫర్డ్ చెబుతుంది. కాగితం మీద రెండో పద్ధతి చవక. నేను మాత్రం మొదటి పద్ధతినే సిఫారసు చేస్తాను. ప్రతి రోల్‌కూ తాజా ద్రావణం దొరుకుతుంది, సమయం మారదు, ఎన్నో రోల్ కడుగుతున్నామో గుర్తుపెట్టుకోవలసిన పని ఉండదు. నాలుగు రోల్స్ తేడా కోసం నెగటివ్‌ల నిలకడను వదులుకోవడం నాకు సమ్మతం కాదు.

అయితే డి-76 స్టాక్‌కు గాలి శత్రువు. అంచు వరకు నింపి బిగించిన సీసాలో ఆరు నెలలు నిలుస్తుంది. సగం ఖాళీ అయిన సీసాలో నెలా రెండు నెలలకే బలం తగ్గుతుంది. నెలకు రెండు రోల్స్ చొప్పున ఆరు రోల్స్‌కు మూడు నెలలు పడుతుంది కాబట్టి, ఒకే పెద్ద సీసాలో పెట్టి కొంచెం కొంచెం తీసుకుంటూ పోతే చివరి రెండు రోల్స్ నాటికి ద్రావణం మీద నమ్మకం ఉండదు. దీనికి మందు చాలా సులభం. స్టాక్ కలిపిన రోజే దాన్ని 150 మిల్లీలీటర్లు పట్టే ఆరు చిన్న గాజు సీసాలలో అంచుదాకా నింపి, మూత బిగించి, తేదీ రాసి పెట్టుకోండి. ఒక సీసా తెరిస్తే ఒక రోల్, అంతటితో ఆ సీసా ఖాళీ. మిగిలిన ఐదింటికీ గాలి తగలదు. ఈ ఒక్క ఏర్పాటుతో లీటరు దాదాపు మొత్తం పనికివస్తుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఎక్స్‌టాల్. చక్కని డెవలపర్, సన్నని గ్రెయిన్‌తో (చిత్రంలో కనిపించే వెండి రేణువులతో) పాటు ఫిల్మ్ వేగాన్ని (కాంతికి స్పందించే శక్తిని) కూడా నిలుపుతుంది. ఐదు లీటర్ల స్టాక్ కలిపే ప్యాకెట్ తీసుకుంటే 1+1 పాళ్లలో ముప్పై మూడు రోల్స్ వస్తాయి కాబట్టి కాగితం మీద రోల్ ఖర్చు బాగా తక్కువగా కనిపిస్తుంది. కానీ పొడిని సగం సగంగా కలపకూడదు. ప్యాకెట్ తెరిస్తే మొత్తం కలపవలసిందే. స్టాక్ ఆయుష్షు ఆరు నెలలని లెక్క వేసుకుంటే ఆ లోపు మీరు కడిగేది పన్నెండు రోల్స్, అంటే 1.8 లీటర్లు. మిగిలిన 3.2 లీటర్లు పారబోయాలి. ముప్పై మూడు రోల్స్ మీద పంచవలసిన ఖర్చు పన్నెండు రోల్స్ మీద పడుతుంది కాబట్టి, మీ అసలు ఖర్చు కాగితం మీది ఖర్చుకు రెండు రెట్లకు పైగా, దాదాపు మూడు రెట్లకు దగ్గరగా ఉంటుంది. వారానికి నాలుగైదు రోల్స్ కడిగేవారు అదే ప్యాకెట్‌తో, వాడినదానికే ఒక్కో రోల్‌కు 70 మిల్లీలీటర్ల తాజా స్టాక్ చేర్చుతూ రీప్లెనిష్ పద్ధతిలో నడిపితే అంతకన్నా పొదుపైన మార్గం దాదాపు లేదు. అది మీ వేగం కాదు, అంతే.

ఎక్స్‌టాల్ గురించి ఇంకొక మాట చెప్పాలి, ఎందుకంటే ఆ పాఠానికి నేను ఒక రోల్ పోగొట్టుకున్నాను. డి-76 పాతబడుతుంటే రంగు మారుతుంది, గోధుమ వర్ణం తిరుగుతుంది, మనకు ఒక హెచ్చరిక అందుతుంది. విటమిన్ సి జాతికి చెందిన ఆస్కార్బేట్‌తో పనిచేసే డెవలపర్లు చెడిపోయినా నీళ్లలా తేటగానే ఉంటాయి. సగం ఖాళీ అయిన సీసాను కొన్ని నెలల తర్వాత తెరిచి, తేటగా ఉంది కదా అని ఒక ప్రయాణంలో తీసిన రోల్‌ను అందులో కడిగాను. రీల్ బయటికి తీస్తే ఫిల్మ్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా గాజులా పారదర్శకంగా ఉంది. అంచున ఉండవలసిన ఫ్రేము సంఖ్యలు, ఫిల్మ్ పేరు కూడా లేవు. ఆ అక్షరాలను ఫ్యాక్టరీలోనే కాంతితో ముద్రిస్తారు కాబట్టి, కెమెరాలో ఫిల్మ్ తిరగకపోయినా అవి కనిపించాలి. అవి కూడా లేవంటే తప్పు డెవలపర్‌దే. అప్పటి నుంచి నేను ఏ డెవలపర్‌నైనా ట్యాంకులో పోసే ముందు, కత్తిరించి పెట్టుకున్న ఫిల్మ్ నాలుక (క్యాసెట్ బయటికి వచ్చి ఉండే మొదటి కొస) ముక్కను వెలుతురులోనే అందులో ముంచి చూస్తాను. కొద్ది నిమిషాలలో అది నల్లబడితే డెవలపర్ బతికి ఉన్నట్టు. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు, ఎలాగూ పారేసే ముక్కే.

మీ వేగానికి అన్నిటికన్నా సరిపోయేది రోడినాల్ అని నా అభిప్రాయం. 1891లో పేటెంట్ పొందిన ఈ ద్రవ డెవలపర్, మూత తీసిన తర్వాత కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. సీసాలో నల్లగా మారినా బలం తగ్గదు. 1+50 పాళ్లలో 300 మిల్లీలీటర్ల ట్యాంకుకు 6 మిల్లీలీటర్లు చాలు. అర లీటరు సీసాతో ఎనభైకి పైగా రోల్స్ వస్తాయి. మీ లెక్కన అది మూడేళ్లకు పైనే, అయినా పారబోయవలసినది ఏమీ ఉండదు. ఆరు మిల్లీలీటర్లు కొలవడానికి పెద్ద కొలపాత్ర పనికిరాదు, ఒక గీత అటూ ఇటూ అయితే పాళ్లు మారిపోతాయి. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి వాడండి. ద్రవాన్ని పీల్చి, గాలి బుడగను పైకి తెచ్చి బయటికి నెట్టి, గీత చూసి నీళ్లలోకి వదలండి, తర్వాత అదే నీళ్లను ఒకసారి పీల్చి సిరంజి లోపల అంటుకున్నదాన్ని కూడా కలిపేయండి. ఒక విషయం మాత్రం తెలిసి కొనుక్కోవాలి. రోడినాల్ గ్రెయిన్‌ను కరిగించదు. 400 వేగం ఫిల్మ్‌లో గ్రెయిన్ స్పష్టంగా కనబడుతుంది, నీడలలో కొంత వివరం తగ్గుతుంది. 100 వేగం ఫిల్మ్‌లో రోడినాల్ ఇచ్చే పదును చూడముచ్చటగా ఉంటుంది. మీరు ఎక్కువగా 400 ఫిల్మ్ వాడుతూ నున్నని రూపం కోరుకుంటే చిన్న సీసాలలో నింపిన డి-76 వైపే వెళ్లండి. రెండింటికీ మధ్యస్థంగా హెచ్‌సి-110 అనే ద్రవ డెవలపర్ ఉంది. గాఢ రూపంలో చాలాకాలం నిలుస్తుంది, బి పలచనలో ఒక భాగానికి 31 భాగాల నీళ్లు పడతాయి.

పొడులు విడిగా కొని మీరే కలుపుకుంటే ఇంకా చవక కదా అని మీకు తోచవచ్చు. డి-76 సూత్రం బహిరంగమే: లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. డి-23 ఇంకా సులభం, మెటాల్ 7.5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, అంతే. పొడులను పొడిగా, గాలి తగలకుండా ఉంచితే ద్రావణం కన్నా ఎంతో ఎక్కువ కాలం నిలుస్తాయి, కావలసినప్పుడు అర లీటరే కలుపుకోవచ్చు కాబట్టి వృథా తగ్గుతుంది. కానీ గ్రాములో పదో వంతు చూపే తూకం కావాలి, మెటాల్ కొందరి చర్మానికి పడదు కాబట్టి చేతి తొడుగులు, పొడి ఎగిరేటప్పుడు మాస్కు తప్పనిసరి. మొదటి ఏడాది ఈ దారి పట్టవద్దని చెబుతాను. ఒకేసారి రెండు కొత్త పనులు మొదలుపెడితే నెగటివ్ పాడైనప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో తేలదు. ఇన్‌స్టంట్ కాఫీ, వాషింగ్ సోడా, విటమిన్ సి కలిపి చేసే కెఫినాల్ కూడా ఇటువంటిదే. సరదాగా ఉంటుంది, చిత్రం వస్తుంది, కానీ లీటరుకు 40 గ్రాముల కాఫీ పోసి ఒకసారి వాడి పారబోయాలి కాబట్టి రోడినాల్ కన్నా చవక అనుకోవడం పొరపాటు.

డెవలప్ అయిన చిత్రాన్ని స్థిరపరిచే ఫిక్సర్ దగ్గర పొదుపు చేయవచ్చు, కక్కుర్తి పడకూడదు. ఇల్ఫర్డ్ ర్యాపిడ్ ఫిక్సర్‌ను 1+4 పాళ్లలో కలిపితే లీటరుకు ఇరవై నాలుగు రోల్స్ అని తయారీదారు లెక్క. మీరు అర లీటరు కలుపుకోండి: 100 మిల్లీలీటర్ల గాఢ ద్రావణం, 400 నీళ్లు. డెవలపర్‌లా దీన్ని పారబోయనక్కరలేదు, ప్రతి రోల్ తర్వాత సీసాలో తిరిగి పోసుకుంటాం. కాగితం మీద పన్నెండు రోల్స్ వస్తాయి. మీ వేగానికి ఆ పన్నెండు పూర్తయ్యేలోపే ద్రావణం పాతబడవచ్చు కాబట్టి సంఖ్యను కాక పరీక్షను నమ్మండి. ఫిల్మ్ నాలుక ముక్క మీద ఒక చుక్క ఫిక్సర్ వేసి అర నిమిషం ఆగండి, తర్వాత ముక్క మొత్తాన్ని ఫిక్సర్‌లో వేసి గడియారం చూడండి. ముందుగా చుక్క పడిన చోటు తేటగా, చుట్టూ పాలలా తెల్లగా కనిపిస్తుంది. క్రమంగా చుట్టుపక్కలది కూడా తేటపడి, చుక్క ఎక్కడ పడిందో కళ్లకు ఆనని క్షణం వస్తుంది. అదే తేటపడే సమయం. దానికి రెట్టింపు సేపు ఫిక్స్ చేయాలి, టి-మ్యాక్స్, డెల్టా వంటి ఫిల్మ్‌లకు మూడు రెట్లు ఇవ్వడం మంచిది. తాజా ఫిక్సర్‌లో ఎంత సమయం పట్టిందో సీసా మీద రాసుకోండి, అది రెండింతలైన రోజు ఆ ద్రావణాన్ని పక్కన పెట్టేయండి. తెల్లని తరకలు తేలినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా పరీక్ష కూడా అవసరం లేదు. వాడిన ఫిక్సర్‌లో వెండి కరిగి ఉంటుంది, అది జలచరాలకు హాని చేస్తుంది కాబట్టి తూములో పోయకుండా, వేరే డబ్బాలో పోగుచేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికో, వెండి తీసే ల్యాబ్‌కో అప్పగించండి.

మిగిలిన ద్రావణాల ఖర్చు నామమాత్రం. డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్ బదులు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కు రెండు సార్లు మామూలు నీళ్లు పోసి తిప్పినా సరిపోతుంది. డెవలపింగ్ సమయం మరీ తక్కువైనప్పుడు మాత్రం అసలైన స్టాప్ బాత్ మేలు. ఫిక్సర్ తర్వాత ఫిల్మ్‌ను నీళ్లతో శుభ్రం చేయడానికి కుళాయి తిప్పి వదిలేయనక్కరలేదు. ట్యాంకు నింపి ఐదుసార్లు తలకిందులు చేసి పారబోయడం, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు, ఇదీ ఇల్ఫర్డ్ సూచించిన పద్ధతి. లీటరు లోపు నీళ్లతో పని అయిపోతుంది. చివరగా డిస్టిల్డ్ నీళ్లలో, నీటిని చుక్కలుగా నిలవనివ్వని వెటింగ్ ఏజెంటును 1+200 పాళ్లలో, అంటే 300 మిల్లీలీటర్లకు 1.5 మిల్లీలీటర్లు కలిపి ముంచితే నీటి మరకలు పడవు. మీ నీళ్లు ఉప్పు నీళ్లయితే ఈ డిస్టిల్డ్ నీళ్ల ఖర్చును మానుకోవద్దు. ఫొటోలోని ఆకాశం మీద ఎండిన చుక్క మరకను తుడిచి తీసేయడం దాదాపు అసాధ్యం.

ఇక ఒకసారి కొనేవి. ట్యాంకు, రీల్, చేంజింగ్ బ్యాగు (ఫిల్మ్‌ను రీల్‌కు ఎక్కించడానికి వెలుతురు చొరని సంచి), నమ్మదగిన థర్మామీటర్, కొలపాత్ర, సిరంజి, సీసాలు, కత్తెర, క్లిప్పులు. వీటిలో ట్యాంకును వాడినది కొన్నా పరవాలేదు, మూత కారకుండా ఉండి, రీల్ పళ్లు విరగకుండా ఉంటే అది దశాబ్దాలు నడుస్తుంది. ఫిల్మ్‌ను ఆరేయడానికి బట్టల క్లిప్పులు చాలు. డబ్బు పెట్టవలసినది థర్మామీటర్ మీద. 20 డిగ్రీల దగ్గర నుంచి ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ డెవలపింగ్ సమయం సుమారు పదో వంతు తగ్గుతుంది, కాబట్టి రెండు డిగ్రీలు తప్పు చూపే థర్మామీటర్ ప్రతి రోల్‌నూ పాడుచేస్తుంది. వంటింటి పాత్రలను కొలపాత్రలుగా వాడి తిరిగి వంటకు వాడడం మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ చేయవద్దు.

ఇప్పుడు లెక్క మీరే వేసుకోవచ్చు. సామగ్రి ధరను, ల్యాబ్ కడిగే రుసుములోంచి మీ రసాయన ఖర్చు తీసేయగా వచ్చిన మొత్తంతో భాగించండి. ఊహకు ల్యాబ్ రుసుము 10 భాగాలు, సామగ్రి 100 భాగాలు, ఇంట్లో రసాయన ఖర్చు రోల్‌కు 2 భాగాలు అనుకుందాం. రోల్‌కు 8 భాగాలు మిగులుతాయి, పదమూడో రోల్‌తో పెట్టుబడి తిరిగి వస్తుంది, అంటే మీకు ఆరున్నర నెలలు. అదే రసాయనం సగానికి పైగా చెడిపోయి పారబోస్తూ రోల్‌కు 5 భాగాలు పడితే ఇరవై రోల్స్, పది నెలలు. ట్యాంకు అదే, ల్యాబ్ అదే, తేడా అంతా వృథా వల్లనే వచ్చింది.

మీరు పేర్కొన్న ల్యాబ్ బిల్లులో కడిగే రుసుమును, స్కాన్ రుసుమును తప్పకుండా విడదీసి చూడండి. చాలాచోట్ల స్కానింగ్‌దే పెద్ద వాటా. ఇంట్లో కడిగి స్కాన్ కోసం మళ్లీ ల్యాబ్‌కే పంపితే ఆదా సగానికి పడిపోవచ్చు. మీ దగ్గర డిజిటల్ కెమెరా, మాక్రో లెన్సు ఇప్పటికే ఉంటే, సమంగా వెలిగే ఒక లైటు పలక, ఫిల్మ్‌ను చదునుగా పట్టే హోల్డర్ చేర్చుకుంటే చాలు. అవేవీ లేకుండా మొత్తం కొనాలంటే ఆ ధరను కూడా పై లెక్కలో సామగ్రి కింద కలపండి. అప్పుడు స్కాన్ రుసుమును కూడా మిగులులోకి తీసుకోండి.

ఇంట్లో కడిగినప్పుడు ల్యాబ్ అదనంగా వసూలు చేసే పనులు దాదాపు ఉచితంగా వస్తాయని కూడా గుర్తుంచుకోండి. 400 ఫిల్మ్‌ను 1600 వద్ద తీసి పుష్ చేయడానికి, అంటే ఎక్కువసేపు డెవలప్ చేయడానికి, అయ్యేది కొన్ని నిమిషాల అదనపు సమయమే. 30.5 మీటర్ల బల్క్ ఫిల్మ్ కొని క్యాసెట్లలో చుట్టుకుంటే 36 ఫ్రేముల రోల్స్ పద్దెనిమిది వస్తాయి. ఇది లాభమా కాదా అన్నది ఆ ఫిల్మ్ విడి రోల్ ధరతో పోల్చి చూసుకోవాలి, కొన్ని రకాలకు తేడా చాలా స్వల్పంగా ఉంటుంది. ఇంట్లో కడగడం మొదలుపెట్టాక ఖర్చులో అతిపెద్ద వాటా ఫిల్మ్‌దే కాబట్టి, తేడా బాగా ఉన్న రకంలో మాత్రం బల్క్ వల్ల మిగిలేది రసాయనాలలో మిగిలేదానికి తీసిపోదు.

మొదలుపెట్టేటప్పుడు ఒక చవక రోల్‌ను ఖర్చులో కలిపేసుకుని, కడగకుండానే అభ్యాసానికి కేటాయించండి. దాన్ని ముందు వెలుతురులో, తర్వాత కళ్లు మూసుకుని, ఆ తర్వాత చేంజింగ్ బ్యాగులో, చేతికి అలవాటయ్యే దాకా రీల్‌కు ఎక్కించి తీయండి. రీల్ పూర్తిగా పొడిగా ఉండాలి. కొంచెం తడి ఉన్నా సగం దూరంలో ఫిల్మ్ పట్టేస్తుంది, బ్యాగులో చేతులకు చెమట పట్టే కొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది. అభ్యాసం అయ్యాక ఆ రోల్‌ను పారేయకుండా అంగుళం ముక్కలుగా కత్తిరించి ఒక డబ్బాలో వేసి పెట్టుకోండి. డెవలపర్, ఫిక్సర్ పరీక్షలకు మీకు ఏడాదికి సరిపడా ముక్కలు అందులోనే వస్తాయి.